బ్లో ద మ్యాన్ డౌన్ (సినిమా)

బ్లో ద మ్యాన్ డౌన్ 2019లో తొలిసారిగా ప్రదర్శింపబడి, 2020లో విడుదలైన ఒక అమెరికన్ నేరకథా చిత్రం. బ్రిడ్జెట్ సావేజ్ కోల్, డేనియల్ క్రూడీ అనే ఇద్దరు మహిళలు ఈ చిత్రానికి రచన, దర్శకత్వం రెండింటినీ నిర్వహించారు. పూర్తి నిడివి గల చిత్రాలలో ఇది వీరికి మొదటిది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈశాన్యపు కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలోని ఒక చిన్న మత్స్యకారుల ఊరు ఈ కథకు రంగస్థలం. తల్లిని పోగొట్టుకొన్న ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఒక హత్యను దాచిపెట్టడానికి చేసే ప్రయత్నమూ, ఆ ప్రయత్నంలో తమ ఊరి వెనుకటి రహస్యాలు బయటపడటమూ ఇందులోని ప్రధానాంశాలు. ఫిల్మ్ నోయిర్ అనబడే నేరచిత్ర సంప్రదాయానికి చెందినదైనా, ఇందులో నేరం చేసేవారు, దాచేవారు, పసిగట్టేవారు, తీర్పు చెప్పేవారు కూడా అధికంగా స్త్రీలే కావడం దీని ప్రత్యేకత.

పేరు, దాని అర్థం

ఈ చిత్రం పేరు ఒక పాత నావికుల పాట నుండి గ్రహింపబడినది. తెరచాపల ఓడల కాలంలో ఓడ కళాసీలు బరువైన తాళ్ళను లాగేటప్పుడు అందరూ ఒకే ఊపున బలాన్ని ప్రయోగించడానికి పాటలు పాడుకొనేవారు. ఈ పాటలను ఆంగ్లంలో సీ షాంటీలు అంటారు. ఒక గాయకుడు చరణాన్ని ఎత్తుకొనగా మిగిలినవారు పల్లవిని అందుకొంటారు. పల్లవిలో ఊనిక వచ్చే చోట అందరూ కలసి తాడును లాగుతారు. తెలుగునాట పడవలవారు పాడుకొనే హైలెస్సా పాటలు కూడా ఇదే విధమైన అవసరం నుండి పుట్టినవే. 19వ శతాబ్దంలో విస్తారంగా వ్యాపించిన ఈ షాంటీలు, ఆవిరి ఓడలు వచ్చి తాళ్ళు లాగే పని తగ్గిపోవడంతో క్రమంగా వాడుక నుండి తొలగిపోయి, జానపద గీతాలుగా నిలిచాయి.

"బ్లో ద మ్యాన్ డౌన్" అనే పాట తెరచాపను పైకెత్తే తాళ్ళను లాగేటప్పుడు పాడే రకానికి చెందినది. న్యూయార్కు, లివర్‌పూల్ రేవుల మధ్య నడచిన బ్లాక్ బాల్ లైన్ ఓడలతో ఈ పాటకు సంబంధం ఉన్నది. ఇక్కడ "బ్లో" అనే మాటకు గాలి ఊదడం అని కాక, దెబ్బ కొట్టడం అని అర్థం చెప్పుకొంటారు. అనగా పాట పేరుకు "ఆ మనిషిని కొట్టి పడగొట్టు" అన్నది స్థూలార్థం. ఓడల మీద పై అధికారులు కళాసీలను కొట్టి పని చేయించే కఠినమైన జీవితం ఈ మాట వెనుక ఉన్నది. సినిమాలో ఒక స్త్రీ చేతిలో ఒక పురుషుడు నేలకూలుతాడు కనుక ఆ పేరు కథకు అక్షరాలా సరిపోతుంది. మగవారి శ్రమగీతం ఆడవారి కథకు శీర్షికగా మారడంలోని వ్యంగ్యం కూడా గమనింపదగినది.

కథాస్థలం

కథ జరిగే ఈస్టర్ కోవ్ అనే ఊరు కల్పితం. అయితే దాని వాతావరణం మెయిన్ రాష్ట్రపు తీరానికి చెందినదే. రాతి గుట్టలు, లెక్కకు మించిన చిన్న ద్వీపాలు, భూమిలోనికి చొచ్చుకొని వచ్చిన సముద్రపు పాయలు ఈ తీరానికి గుర్తులు. అమెరికాలో పట్టుబడే లాబ్‌స్టర్లలో అధికభాగం ఈ రాష్ట్రపు జలాల నుండే వస్తుంది. వేసవిలో పర్యాటకులతో కళకళలాడే ఈ ఊళ్ళు శీతాకాలంలో నిర్మానుష్యంగా మారుతాయి. అప్పుడు మిగిలేది స్థానికులు, మంచు, సముద్రం మాత్రమే.

చిత్రీకరణ మెయిన్ రాష్ట్రంలోనే, కాస్కో అఖాతం ఒడ్డున ఉన్న హార్ప్స్‌వెల్ పట్టణ పరిసరాలలో జరిగింది. ఒక చిన్న ఊరిని, అదికూడా చలికాలంలో, కథాస్థలంగా ఎంచుకోవడం కథకు బలాన్నిచ్చింది. నగరంలో నేరస్థుడు జనసమ్మర్దంలో కలసిపోగలడు. ఇటువంటి ఊరిలో ఎవరి కారు ఎక్కడ ఆగిందో, ఎవరి కత్తి ఏ దుకాణానిదో అందరికీ తెలుసును. దాచుకోవడానికి చీకటి లేని చోట, చూసినవారి మౌనం మీదనే రహస్యం నిలబడుతుంది.

కథ

గమనిక: ఈ విభాగంలో చిత్రకథ ముగింపుతో సహా చెప్పబడినది.

మేరీ మార్గరెట్ కనోలీ అనే స్త్రీ అంత్యక్రియలతో కథ మొదలవుతుంది. ఆమెకు ప్రిసిల్లా, మేరీ బెత్ అని ఇద్దరు కుమార్తెలు. వీరికి తల్లి నుండి సంక్రమించినవి ఒక చేపల దుకాణం, చేజారిపోయే స్థితిలో ఉన్న ఒక ఇల్లు, కొంత అప్పు. పెద్దదైన ప్రిసిల్లా బాధ్యత తెలిసినది, మితభాషిణి. ఎలాగైనా దుకాణాన్ని నిలబెట్టాలని ఆమె తాపత్రయం. చిన్నదైన మేరీ బెత్ తల్లి జబ్బు కారణంగా చదువును వాయిదా వేసుకొని ఊరిలో ఉండిపోయినది. ఊరు విడిచి వెళ్ళిపోవాలన్నది ఆమె కోరిక.

ఇల్లు దక్కదని తెలిసిన కోపంతో మేరీ బెత్ ఆ రాత్రి మద్యశాలకు వెళ్ళి, గోర్స్కీ అనే అపరిచితుడితో పరిచయం చేసుకొంటుంది. అతని వద్ద భయం గొలిపే ఆనవాళ్ళు కనిపించడంతో పారిపోజూస్తుంది. అతడు వెంటపడగా, ఆత్మరక్షణకై చేతికందిన హార్పూన్‌తో (పెద్ద చేపలను పొడిచే ఈటె) అతడిని పొడుస్తుంది. అతడు మరణిస్తాడు. మేరీ బెత్ ఇంటికి పరుగెత్తి అక్కకు సంగతి చెబుతుంది. పోలీసులకు చెప్పాలా, దాచాలా అన్న సంశయం తరువాత, అక్కాచెల్లెళ్ళు శవాన్ని చేపలు కోసే కత్తితో నరికి, ఐసుపెట్టెలో కుక్కి సముద్రంలో పడవేస్తారు. చేపల దుకాణపు రోజువారీ నైపుణ్యమే ఇక్కడ నేరాన్ని కప్పిపుచ్చే సాధనమవుతుంది.

తరువాత ఒడ్డుకు ఒక శవం కొట్టుకొని వస్తుంది. అది గోర్స్కీది కాదు. డీ అనే యువతిది. ఆమె ఊరిలోని "ఓషన్ వ్యూ" అనే వసతిగృహంలో ఉండేది. బయటికి అది బసచేసే ఇల్లు. నిజానికది ఈనిడ్ నోరా డెవ్లిన్ అనే వృద్ధురాలు నడిపే వేశ్యాగృహం. ఈ సంగతి ఊరందరికీ తెలుసును గాని ఎవరూ పైకి అనరు. ఇంతలో మేరీ బెత్‌కు గోర్స్కీ ఉన్నచోట పెద్ద మొత్తం గల డబ్బుసంచి దొరుకుతుంది. ఆ డబ్బు ఈనిడ్‌కు చెందినది. మరోవైపు, కనోలీ దుకాణపు పేరు గల కత్తి కనిపించకుండా పోయి, చివరకు ఈనిడ్ చేతిలో పడుతుంది. ఆమె దానిని అడ్డుపెట్టుకొని డబ్బు కోసం అక్కాచెల్లెళ్ళను బెదిరిస్తుంది.

కథలోని మూడవ శక్తి సూసీ, గెయిల్, డోరీన్ అనే ముగ్గురు వృద్ధ స్త్రీలు. వీరు చనిపోయిన తల్లికి చిరకాల స్నేహితురాళ్ళు. వేశ్యాగృహం మూసివేయాలని వీరు ఈనిడ్‌ను ఒత్తిడి చేస్తారు. అయితే వెనుకటి రోజులలో ఆ ఇల్లు వెలియడానికి వీరి సమ్మతి, అక్కాచెల్లెళ్ళ తల్లి సమ్మతి కూడా ఉన్నవని క్రమంగా బయటపడుతుంది. రేవుకు వచ్చే మగవారి నుండి ఊరి ఆడపిల్లలను కాపాడుకోవడానికి వీరు ఆనాడు దానికి ఒప్పుకొన్నారు. చివరకు డీ స్నేహితురాలైన అలెక్సిస్ చేతిలో ఈనిడ్ మరణిస్తుంది. అక్కాచెల్లెళ్ళు చేసినది తమకు తెలుసునని, అయినా నోరు విప్పబోమని ఆ వృద్ధ స్త్రీలు మాటలతో పనిలేకుండానే తెలియజేయడంతో కథ ముగుస్తుంది.

పాత్రలు, నటీనటులు

* ప్రిసిల్లా కనోలీ - సోఫీ లోవ్
* మేరీ బెత్ కనోలీ - మోర్గన్ సేలర్. "హోమ్‌లాండ్" టెలివిజన్ ధారావాహికలో కథానాయకుని కుమార్తెగా ఈమె అంతకు ముందే పరిచితురాలు.
* ఈనిడ్ నోరా డెవ్లిన్ - మార్గో మార్టిండేల్. "జస్టిఫైడ్"కు 2011లోను, "ది అమెరికన్స్"కు 2015, 2016లలోను ఎమ్మీ పురస్కారాలు అందుకొన్న నటి.
* సూసీ గాలగర్ - జూన్ స్క్విబ్. 1929లో జన్మించిన ఈమె "నెబ్రాస్కా" (2013) చిత్రానికి ఆస్కార్ ప్రతిపాదన పొందినది.
* గెయిల్ మెగ్వైర్ - ఆనెట్ ఓటూల్. "సూపర్‌మ్యాన్ 3" (1983)లో లానా లాంగ్ పాత్రధారిణి.
* డోరీన్ బర్క్ - మార్సెలీన్ హ్యూగో
* అలెక్సిస్ - గేల్ ర్యాంకిన్
* అధికారి బ్రెన్నన్ - విల్ బ్రిటన్. కేసు లోతుకు పోవాలనుకొనే యువ పోలీసు.
* అధికారి కొలెట్టీ - స్కిప్ సడ్డత్. ఊరి పద్ధతులకు అలవాటుపడిన పెద్ద పోలీసు.
* గోర్స్కీ - ఎబన్ మాస్-బక్రాక్. తరువాతి కాలంలో "ది బేర్" ధారావాహికతో ప్రసిద్ధుడైన నటుడు.

నోయిర్ సంప్రదాయం, స్త్రీ పాత్రలు

"నోయిర్" అనగా ఫ్రెంచి భాషలో నలుపు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఫ్రాన్సుకు చేరిన అమెరికన్ నేరచిత్రాలలోని చీకటి ధోరణిని గమనించిన నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు 1946లో వాటిని గురించి "ఫిల్మ్ నోయిర్" అనే మాటను వాడాడు. సాధారణంగా 1940ల నుండి 1950ల చివరి వరకు ఈ తరహాకు తొలి దశగా లెక్కిస్తారు. గాఢమైన నీడలు, రాత్రివేళలు, డబ్బు లేదా కోరిక కోసం తప్పటడుగు వేసే సామాన్యులు, మంచిచెడుల మధ్య చెరిగిపోయే గీత వీటి లక్షణాలు. జర్మనీ, ఆస్ట్రియాల నుండి హాలీవుడ్‌కు వలస వచ్చిన దర్శకుల ప్రభావం వీటి వెలుగునీడల పద్ధతిలో కనిపిస్తుంది.

ఈ చిత్రాలలో స్త్రీకి తరచుగా దక్కిన స్థానం "ఫామ్ ఫటాల్", అనగా పురుషుడిని మోహింపజేసి నాశనానికి నడిపించే వన్నెలాడి. బిల్లీ వైల్డర్ తీసిన "డబుల్ ఇండెమ్నిటీ" (1944)లో బార్బరా స్టాన్‌విక్ పోషించిన పాత్ర దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. అటువంటి కథలను చెప్పేది, నష్టపోయేది పురుషుడే. స్త్రీ మనసులో ఏమున్నదో ప్రేక్షకుడికి అతని కన్నుల నుండే తెలుస్తుంది.

అయితే దీనికి భిన్నమైన చిత్రాలు తొలి దశలోనే వచ్చాయి. "మిల్డ్రెడ్ పియర్స్" (1945) కష్టపడి భోజనశాల పెట్టి పైకి వచ్చిన ఒక తల్లి కథ. ఇందులోని నటనకు జోన్ క్రాఫర్డ్‌కు ఆస్కార్ లభించింది. ఫ్రిట్జ్ లాంగ్ తీసిన "క్లాష్ బై నైట్" (1952) కాలిఫోర్నియాలోని మాంటెరే అనే మత్స్యకారుల పట్టణంలో జరుగుతుంది. చేపలను డబ్బాలలో నింపే కర్మాగారాలు, పడవలు, వలల నడుమ ఒక స్త్రీ పడే అశాంతిని ఇది చూపించింది. ఐడా లుపీనో దర్శకత్వంలో వచ్చిన "ది హిచ్-హైకర్" (1953) ఆ కాలంలో ఒక మహిళ తీసిన నోయిర్ చిత్రంగా పేరు పొందినది. ఇటీవలి కాలంలో కోర్ట్నీ హంట్ తీసిన "ఫ్రోజెన్ రివర్" (2008), డెబ్రా గ్రానిక్ తీసిన "వింటర్స్ బోన్" (2010) పేదరికం వలన నేరప్రపంచపు అంచుకు చేరిన స్త్రీలను కథానాయికలుగా నిలిపాయి.

బ్లో ద మ్యాన్ డౌన్ ఈ వరుసలోనిదే. నోయిర్‌లోని ముఖ్యమైన సరంజామా అంతా ఇందులో ఉన్నది: ఒక హత్య, ఒక డబ్బుసంచి, పోగొట్టుకొన్న ఆయుధం, బెదిరింపు, లోపాయికారీగా సర్దుకుపోయే పోలీసు. కాని వన్నెలాడి పాత్ర ఇందులో లేదు. ఆ చోటును వయసు మీరిన గృహిణులు, దుకాణదారులు ఆక్రమించారు. ఊరిలో నిజమైన అధికారం చేపల పడవలలోను, పోలీసు ఠాణాలోను లేదు. అది వంటగదులలో, చర్చి మెట్ల మీద, పలకరింపు పేరిట ఇంటికి వచ్చే ఇరుగుపొరుగు చేతులలో ఉన్నది.

కథలోని నైతిక సమస్య

చిత్రంలో హత్య ఎవరు చేశారన్న ప్రశ్న లేదు. ప్రేక్షకుడు దానిని కళ్ళారా చూస్తాడు. ఒక సమాజం తన పిల్లలను కాపాడుకోవడానికి ఇతరుల పిల్లలను బలిపెట్టవచ్చునా అన్నదే ఇందులోని అసలు ప్రశ్న. ఊరి స్త్రీలు ఒకనాడు చేసిన ఏర్పాటు వారి దృష్టిలో రక్షణ. తమ కుమార్తెల జోలికి మగవారు రాకుండా ఉండాలంటే వారికి వేరొక దారి చూపాలని వారు భావించారు. ఆ దారిలో నిలబడినది డీ, అలెక్సిస్ వంటి దిక్కులేని యువతులు. మగవారి ప్రవర్తనను మార్చే మాట మాత్రం ఎవరికీ తోచలేదు, లేదా సాధ్యమని అనిపించలేదు. డీ మరణంతో ఆ ఏర్పాటు ఖరీదు ఎంతో ఊరికి తెలిసివచ్చినది.

ఈనిడ్ పాత్రను రచయిత్రులు కేవలం దుష్టురాలిగా తీర్చలేదు. ఊరి పెద్దలందరూ కలసి ఒప్పుకొన్న పాపానికి ఆమె ఒక్కతె ముఖంగా మిగిలినది. స్నేహితురాళ్ళు వయసు మళ్ళాక గౌరవనీయులుగా మారి, ఆమెను మాత్రం వెలివేయ చూస్తారు. ఆమె కోపంలో కొంత న్యాయం ఉన్నది. అదే సమయంలో ఆమె తన ఇంటిలోని యువతులను సొమ్ముగానే లెక్కిస్తుంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం వలన ఈ పాత్ర చిత్రానికి ఆయువుపట్టుగా నిలిచింది.

అక్కాచెల్లెళ్ళ విషయమూ ఇటువంటిదే. మేరీ బెత్ తొలి చర్య ఆత్మరక్షణ. కాని శవాన్ని దాచడం, డబ్బు సంగతిని సొంత అక్కకు కూడా చెప్పకపోవడం ఆమె ఎంచుకొన్నవి. తల్లి పుణ్యవతి అని నమ్మి దుఃఖించిన ఇద్దరూ, ఆమె కూడా రహస్యాలు మోసిన మనిషేనని తెలుసుకొంటారు. చివరకు వారిని కాపాడేది చట్టం కాదు. తల్లి తరం పాటించిన మౌనమే. ఆ మౌనం వారికి రక్షణగా దొరుకుతుంది, వారసత్వంగా కూడా దొరుకుతుంది. పాత తరం చేసిన తప్పునే కొత్త తరం మరొక రూపంలో మోయవలసి వస్తుందా అన్నది చిత్రం ప్రేక్షకులకే విడిచిపెట్టింది.

సంగీతం, ఛాయాగ్రహణం

చిత్రం ఆరంభంలో మత్స్యకారులు కెమెరాకు ఎదురుగా నిలబడి శీర్షిక గీతాన్ని పాడుతారు. కథ మధ్యలోను వారు తిరిగి కనిపిస్తారు. ఈ బృందానికి ముందుండి పాడినవాడు డేవిడ్ కాఫిన్ అనే జానపద గాయకుడు. కథలో పాలుపంచుకోకుండా దానికి సాక్షిగా నిలిచే ఇటువంటి గాయక బృందం ప్రాచీన గ్రీకు నాటకాలలోని "కోరస్"ను గుర్తుకు తెస్తుంది. మగవారు పాడుతూ ఉంటే ఆడవారు పనులు చక్కబెట్టడం ఇక్కడ కనిపించే చమత్కారం. నేపథ్య సంగీతాన్ని జోర్డన్ డైక్‌స్ట్రా, బ్రయన్ మెకోంబర్ సమకూర్చారు. ఈ చిత్రం విడుదలైన మరుసటి సంవత్సరం, 2021 జనవరిలో, టిక్‌టాక్ ద్వారా షాంటీ పాటలకు ప్రపంచవ్యాప్తంగా ఒక్కసారిగా ఆదరణ కలిగింది.

ఛాయాగ్రహణం టాడ్ బన్‌హజల్, కూర్పు మార్క్ వీవ్స్ నిర్వహించారు. పాతకాలపు నోయిర్ చిత్రాలలో నలుపుతెలుపుల వ్యత్యాసం చేసే పనిని ఇందులో మంచు తెలుపు, సముద్రపు బూడిదవర్ణం, దీపాల పసుపుకాంతి చేస్తాయి. భయానక సన్నివేశాల నడుమ హాస్యం పలుకుతుంది. శవాన్ని ఐసుపెట్టెలో పట్టించే ఘట్టం దీనికి ఉదాహరణ.

విడుదల, ఆదరణ

2019 ఏప్రిల్‌లో న్యూయార్కులోని ట్రైబెకా చలనచిత్రోత్సవంలో ఈ చిత్రం తొలిసారిగా ప్రదర్శింపబడినది. ఆ ఉత్సవంలో అమెరికన్ కథాచిత్రాల విభాగంలో ఉత్తమ చిత్రానువాద పురస్కారాన్ని పొందినది. తరువాత అమెజాన్ స్టూడియోస్ దీని హక్కులను తీసుకొని 2020 మార్చి 20న ప్రైమ్ వీడియోలో విడుదల చేసింది. కోవిడ్-19 కారణంగా అమెరికాలో సినిమాహాళ్ళు మూతపడుతున్న వారాలవి. ఆ విధంగా ఈ చిత్రం అధికంగా ఇళ్ళలోనే చూడబడినది.

విమర్శకులలో చాలామంది ఈ చిత్రాన్ని మెచ్చుకొన్నారు. మార్గో మార్టిండేల్ నటన, వృద్ధ స్త్రీల పాత్రలకు దక్కిన ప్రాధాన్యం, కల్తీలేని ప్రాంతీయ వాతావరణం ప్రశంసలందుకొన్నాయి. మంచు ప్రాంతం, చిన్న ఊరు, హింసతో కలగలసిన హాస్యం కారణంగా దీనిని కోయెన్ సోదరుల "ఫార్గో" (1996)తో పోల్చినవారున్నారు. అయితే "ఫార్గో"లో నేరం వెలుపలి నుండి ఊరిలోనికి వస్తుంది, ఒక గర్భవతి అయిన పోలీసు అధికారిణి దానిని ఛేదిస్తుంది. బ్లో ద మ్యాన్ డౌన్‌లో నేరం ఊరి పునాదులలోనే ఉన్నది. దానిని ఛేదించినవారు ఎవరూ లేరు. తెలిసినవారు మాత్రం అందరూ ఉన్నారు.